గుండు తిరగలేదు, గచ్చే తిరిగింది

జూన్ 29, ఆదివారం

తొమ్మిదో తరగతిలో చలనం పాఠం మొదలుపెట్టి నాలుగు రోజులైంది. "చలనం సాపేక్షం" అని బోర్డు మీద రాశాను. పిల్లలు నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. అక్కడితో అయిపోవలసిన మాట. వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచింది. "సార్, రైల్లో ఉన్నవాడికి చెట్లు వెనక్కి పోతాయి, గట్టు మీద ఉన్నవాడికి రైలు ముందుకు పోతుంది, ఇద్దరిదీ ఒప్పే అన్నారు కదా. అయితే సూర్యుడే తిరుగుతున్నాడనే మా నానమ్మదీ ఒప్పే కావాలి. మరి పరీక్షలో భూమి తిరుగుతుందనే ఎందుకు రాయాలి?"

అంతలో గంట కొట్టారు. నేను బతికిపోయాను. కానీ ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు. ఆ పిల్ల అడిగింది అల్లరి ప్రశ్న కాదు. ఆర్యభటుడు 499లో పడవ పోలిక చెప్పి వదిలేసిన చోటే అది మొదలవుతుంది. ముందుకు పోతున్న పడవలోని మనిషికి ఒడ్డున కదలని చెట్లు వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయి, అలాగే కదలని నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనిపిస్తాయి అన్నాడాయన. పోలిక బాగుంది. కానీ పోలిక రుజువు కాదు. పడవ కదులుతోందా, ఒడ్డు కదులుతోందా అన్నది పడవలోనే కూర్చుని తేల్చగలమా?

మా మిర్యాలగూడ స్టేషన్లో ఈ చిక్కు అందరికీ అనుభవమే. మన బండిని క్రాసింగ్ కోసం ఆపుతారు. పక్క పట్టా మీద ఇంకో బండి మెల్లగా కదులుతుంది. మన బండే బయలుదేరిందని సంచి సర్దుకుంటాం. ఆ బండి చివరి పెట్టె దాటి, వెనకాల ప్లాట్‌ఫాం స్తంభం కదలకుండా కనిపించేదాకా మోసపోయే ఉంటాం. తిన్నగా, ఒకే వేగంతో పోయే చట్రం (బండి, ఓడ లాంటిది, మనం ఉండి చూసే చోటు) లోపల కూర్చుని ఎంత తెలివైన ప్రయోగం చేసినా అది కదులుతోందని పట్టుకోలేం. ఓడ అడుగున కిటికీలు లేని గదిని ఉదాహరణగా తీసుకుని గెలీలియో 1632లోనే ఈ మాట వివరంగా చెప్పాడు.

తిరిగే చట్రం సంగతి వేరు. అది తన గుట్టు తానే బయటపెట్టుకుంటుంది. 1851లో పారిస్‌లో ఫూకో అనే ఆయన పాంథియన్ భవనం గుమ్మటం నుంచి 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండు వేలాడదీసి ఊపింది ఇందుకే. గుండు ఊగే గీత గచ్చు మీద మెల్లగా పక్కకు తిరుగుతూ పోతే, కింద భూమి తిరుగుతోందన్నమాట. ఢిల్లీలో కొత్త పార్లమెంటు భవనంలో కూడా అలాంటి లోలకమే వేలాడుతోంది. దాని ఫోటో చాలామంది పిల్లలు చూశారు, ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియదు.

మన ఊళ్లో ఎందుకు వేలాడదీయకూడదు? ఎత్తు కావాలి, అంతే. ఎత్తు అనుకోగానే బావ గుర్తొచ్చాడు.

జూలై 6, ఆదివారం

మిర్యాలగూడ అంటేనే రైస్ మిల్లులు. బావ వాళ్లది రెండు తరాల మిల్లు. కొత్త యంత్రాలు పెట్టాక పాత మిషన్ హౌస్ ఖాళీగా పడి ఉంది. పాత ఎలివేటర్ పీకేసిన చోట మొదటి అంతస్తు స్లాబులో మూడడుగుల చదరపు కన్నం అలాగే ఉండిపోయింది. కింది గచ్చు మీద నిలబడి తలెత్తితే ఆ కన్నంలోంచి పైకప్పు రేకులూ, వాటి కింద ఇనుప దూలమూ కనిపిస్తాయి. నాకు పాంథియన్ కనిపించినంత సంబరమైంది.

"దీనివల్ల మిల్లుకు ఏం లాభం బావా?" అన్నాడు.

"ఏమీ లేదు బావా."

"అక్టోబరులో వడ్లు వస్తాయి. అప్పటికి ఖాళీ చేస్తే చాలు." ఈ ఒక్క షరతుతో తాళాలు చేతిలో పెట్టాడు.

దూలం నుంచి తూకపు గుండు దారం వదిలి కొలిస్తే గచ్చు దాకా 9 మీటర్ల 10 సెంటీమీటర్లు. లోలకం పొడవు 8.5 మీటర్లు పెట్టుకోవచ్చు. ఒక పూర్తి ఊపుకు 5.86 సెకన్లు పడుతుందని కాగితం మీద లెక్క.

గుండు మా బడి వ్యాయామం సారు దగ్గర దొరికింది. పెద్దల పోటీల్లో విసిరే 7.26 కిలోల షాట్‌పుట్ గుండు ఒకటి ఆయన బీరువా కింద దుమ్ము పట్టి ఉంది. పిల్లలకు అంత బరువుది పనికిరాదు. "తీసుకెళ్లండి సార్, తిరిగి ఇవ్వడం మాత్రం మరవకండి" అన్నారు. దానికి కొక్కెం కోసం రంధ్రం వెయ్యాలన్న సంగతి ఆయనకు చెప్పలేదు. ఇది రాస్తుంటే కొంచెం సిగ్గుగానే ఉంది.

మిల్లు ఫిట్టరన్న లేత్ మీద ఆ పని చేసిపెట్టాడు. మరలున్న కొక్కెం పైన, సన్నని మేకు మొన కింద. రెండూ గుండు నడిబొడ్డున ఒకే గీతలో ఉండాలని నేను చెప్పేలోపే ఆయన డయల్ గేజీ (వెంట్రుకవాసి తేడాను ముల్లుతో చూపే కొలత సాధనం) పెట్టి చూసుకుంటున్నాడు. ముప్పై ఏళ్లుగా మిల్లు షాఫ్టులు సరిచేసిన మనిషికి వంకర అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు.

జూలై 13, ఆదివారం

మొదటి తీగ దండగ.

సన్నని ఇనుప తాడు కొన్నాను, పోగులు మెలిపెట్టినది. గట్టిగా ఉంటుందనుకున్నాను. గుండు కట్టి వదిలేసరికి మెలి విడిపోతూ గుండు బొంగరంలా తిరగడం మొదలుపెట్టింది. ఇరవై చుట్లు ఒక వైపు, ఆగి, ఇరవై చుట్లు ఇంకో వైపు. ఊపు తలం, అంటే గుండు అటూ ఇటూ ఊగే దిక్కు, ఎటు తిరుగుతోందో చూద్దామంటే గుండే తన చుట్టూ తాను గింగిరాలు కొడుతోంది. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను, తీగకు పెట్టిన డబ్బులు తలచుకుని ఆపేశాను.

ఒంటి పోగు తీగ కావాలి, స్ప్రింగులు చుట్టే ఉక్కు తీగ. ఒక మిల్లీమీటరు మందం చాలు, ఏడు కిలోల బరువు దానికి లెక్కలోనిది కాదు.

జూలై 16, బుధవారం

తీగ కోసం ఎదురుచూస్తూ ఊరికే ఉండలేక బడి వరండాలో చిన్న పని చేశాం. హమాలీలు బస్తాలు తోసే ట్రాలీ ఒకటి మిల్లు నుంచి తెచ్చాను. దాని మీద కర్ర నిలబెట్టి, 125 సెంటీమీటర్ల ఎత్తులో అయస్కాంతానికి పెద్ద ఇనుప నట్టు అంటించాం. కింద సరిగ్గా దాని నీడ పడే చోట ఇసుక పళ్లెం. ఒక ఫోను ట్రాలీకే కట్టేశాం, ఒకటి గోడ పక్కన స్టూలు మీద. ఇద్దరు పిల్లలు ఒకే వేగంతో తోస్తుంటే నడుస్తున్న మూడోవాడు నట్టును దారంతో లాగి వదలాలి.

నట్టు ఎక్కడ పడుతుంది? చేతులెత్తమంటే ముప్పైమందిలో ఇరవైరెండుమంది వెనక పడుతుందన్నారు. నిజానికి అది పళ్లెం నడిమధ్యనే పడింది. మూడుసార్లు చేసినా అంతే.

అసలు విందు తర్వాత. ట్రాలీకి కట్టిన ఫోనులో చూస్తే నట్టు తూకపు దారం పట్టుకున్నట్టు తిన్నగా దిగింది. స్టూలు మీది ఫోనులో అదే నట్టు, అదే అర సెకను, చక్కని వంపు గీస్తూ ముక్కాలు మీటరు దూరం ముందుకు పోయింది. రెండు ఫోనులూ పక్కపక్కన పెట్టి నెమ్మదిగా ఆడించాం. "ఏది నిజం సార్?" అని ఒకడు అడిగాడు. రెండూ అన్నాను. వాడికి నచ్చలేదు. నచ్చకపోవడమే మంచిది, వాడు ఇంకా ఆలోచిస్తున్నాడన్నమాట.

మిర్యాలగూడ మనుషులం, మిల్లు, స్టేషను, బత్తాయి తోటలు, అందరం కలిసి గంటకు సుమారు 1600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతున్నాం. చేతిలోని సుద్దముక్క వదిలితే కాళ్ల దగ్గరే పడుతుంది. కారణం ఆ నట్టుదే, సుద్దముక్క కూడా మనతోపాటే తూర్పుకు పోతూ ఉంది. భూమి తిరుగుతుంటే పక్షులు గూళ్లకు ఎలా చేరతాయని పాతకాలంలో అడిగినవాళ్లకు జవాబు ఈ ఇసుక పళ్లెంలో ఉంది. కానీ మా వెనక బెంచీ అమ్మాయి ప్రశ్నకు ఇది జవాబు కాదు. వేగం దాక్కుంటుందని మాత్రమే ఇది చూపిస్తుంది.

జూలై 20, ఆదివారం

ఉక్కు తీగ వచ్చింది. పైన దాన్ని ఎలా పట్టించాలన్నదే ఇవాళ్టి పని. కొక్కానికి ముడి వేస్తే తీగ ఒకవైపు ఒకలా, ఇంకోవైపు ఇంకోలా వంగుతుంది. ముడి దగ్గరే కొన్నాళ్లకు తెగుతుంది కూడా. ఫిట్టరన్న పాత డ్రిల్లింగ్ మెషీను చక్‌ను తలకిందులుగా ఒక పలకకు వెల్డింగ్ చేసి, ఆ పలకను దూలం అడుగున బిగించాడు. చక్‌లోని మూడు దవడలు తీగను అన్ని వైపులా సమానంగా కరచిపట్టుకుంటాయి. ఇంతకంటే మంచి ఉపాయం నాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

గుండు కదలకుండా నిలబడడానికే ఇరవై నిమిషాలు. తర్వాత దాన్ని అర మీటరు పక్కకు లాగి నూలు దారంతో స్తంభానికి కట్టాం. చేత్తో వదిలితే వేళ్లు ఎంతో కొంత పక్కకు తోస్తాయి. అందుకే దారాన్ని కాల్చాలి. ఫూకో కూడా అలాగే చేశాడు. అగ్గిపుల్ల గీసే పని ఆ అమ్మాయికే ఇచ్చాను. దారం తెగింది, గుండు చప్పుడు లేకుండా బయలుదేరింది. పది ఊపులకు 58.6 సెకన్లు. లెక్క కుదిరింది. అందరం చప్పట్లు కొట్టాం.

చప్పట్లు తొందరపడినవే. ఇరవై నిమిషాలయ్యేసరికి గుండు తిన్నగా ఊగడం మానేసి కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతోంది. నడుమ గుర్తు మీదుగా పోవలసిన మేకు మొన నాలుగు సెంటీమీటర్ల పక్కనుంచి పోతోంది. అది కూడా భూమి మహిమేనా అని ఒకడు అడిగాడు. కాదురా, మన పని మహిమ అన్నాను.

ఈ గుడ్డు ఆకారం ఎంత ప్రమాదకరమో రాత్రి లెక్క వేసి చూశాను. మొత్తం కథ ఇక్కడే ఉంది కాబట్టి రాసి పెట్టుకుంటున్నాను. మిర్యాలగూడ అక్షాంశం 16.87 డిగ్రీలు. భూమి గంటకు 15.04 డిగ్రీలు తిరుగుతుంది. దాన్ని అక్షాంశం సైన్ విలువ 0.290తో గుణిస్తే గంటకు 4.36 డిగ్రీలు. మా గచ్చు మీద ఊపు తలం గంటలో తిరగవలసింది ఇంతే, గడియారం ముల్లు దిశలో. ఇక గుడ్డు ఆకారంలో ఊగే లోలకం, భూమి తిరిగినా తిరగకపోయినా, తనంతట తానే తలం మార్చుకుంటూ పోతుంది. ఈ సంగతిని ఏరీ అనే ఖగోళ శాస్త్రవేత్త ఫూకో ప్రయోగం జరిగిన ఏడాదే లెక్కగట్టాడు. గుడ్డు సగం పొడవు, సగం వెడల్పు గుణించి, లోలకం పొడవు వర్గంతో భాగించి, ఎనిమిదింట మూడు వంతులు తీసుకుంటే ఒక్కో ఊపుకు తలం ఎంత జరుగుతుందో వస్తుంది, పూర్తి చుట్టులో భాగంగా. మా లోలకానికి సగం పొడవు 50 సెంటీమీటర్లు. సగం వెడల్పు ఒక్క సెంటీమీటరు ఉంటే చాలు, గంటకు 5.7 డిగ్రీలు.

అంటే ఒక సెంటీమీటరు తప్పు భూమి కంటే గట్టిగా అరుస్తుంది. మాది నాలుగు సెంటీమీటర్లు.

పాంథియన్‌లో 67 మీటర్ల తీగ ఎందుకో ఇప్పుడు అర్థమైంది. పొడవు పెరిగేకొద్దీ, అదే గుడ్డుకు, ఈ దొంగ తిరుగుడు వేగంగా తగ్గిపోతుంది. అతివాహకతను (కరెంటు ఏ అడ్డూ లేకుండా పారే గుణాన్ని) కనిపెట్టిన కామర్లింగ్ ఓన్స్ తన డాక్టరేటు పరిశోధన చేసింది ఈ లోలకం మీదే, 1879లో. అంతటివాడు కుస్తీ పట్టిన వస్తువు మా పాత మిల్లులో ఒక ఆదివారానికి లొంగుతుందని ఎలా అనుకున్నానో.

జూలై 27, ఆదివారం

దొంగ దొరికాడు. దూలమే.

నేను గాలిని అనుమానించాను. తలుపులు మూసి, కన్నం చుట్టూ గోనెపట్టాలు కట్టించాను. తేడా లేదు. గుండు కొక్కేన్ని అనుమానించాను. ఫిట్టరన్న మొహం చూసి ఆ అనుమానం వెనక్కి తీసుకున్నాను. ఆయన ఏమీ మాట్లాడకుండా నిచ్చెనెక్కి, డయల్ గేజీని గోడకు బిగించి, దాని ముల్లును చక్ పలకకు ఆనించి, "ఊపండి సార్" అన్నాడు.

దూలం పొడవు వెంబడి ఊపితే ముల్లు రెండు గీతలు కదిలింది. అడ్డంగా ఊపితే పద్నాలుగు గీతలు. ఒక్కో గీత మిల్లీమీటరులో వందో వంతు. కంటికి రాయిలా కనిపించే దూలం గుండు వెళ్లిన ప్రతిసారీ 0.14 మిల్లీమీటర్లు దాని వెంట పోతోంది. ఐ ఆకారపు దూలం పైనుంచి పడే బరువుకు మొండి, పక్కనుంచి లాగితే మెత్తన. అంటే ఒక దిక్కున ఊగే లోలకానికీ దాని అడ్డదిక్కున ఊగేదానికీ పొడవులో వెంట్రుకవాసి తేడా వచ్చింది. ఏటవాలుగా ఊపితే ఆ రెండు ఊపులూ కలిసి బయలుదేరి, ఒకటి మెల్లగా వెనకబడుతుంది. వెనకబడిన కొద్దీ గీత కాస్తా గుడ్డు అవుతుంది. మేం ఏటవాలుగానే ఊపాం మరి, గది మూల నుంచి మూలకు ఫోటో బాగా వస్తుందని.

"షాఫ్టు బేరింగు ఒకవైపు వదులైతే మిల్లు ఇలాగే ఏడుస్తుంది సార్" అన్నాడాయన దిగుతూ.

సాయంత్రానికి నాలుగు కోణపు కమ్ములు దూలం నుంచి గోడలకు నాలుగు దిక్కులా బిగించి వెల్డింగ్ చేశారు. మళ్లీ గేజీ పెడితే ఏ దిక్కున ఊపినా రెండు గీతలే. కమ్ముల ఖరీదు బావ ఖాతాలో రాయించాను. ఆయనకు ఇంకా తెలియదు.

ఆగస్టు 3, ఆదివారం

ఇవాళ పెద్ద లోలకాన్ని ముట్టుకోలేదు. పక్కన కొత్త మిల్లు నడుస్తోంది, గచ్చు సన్నగా వణుకుతోంది. అమ్మ తిరగలి తెచ్చాను.

వెనక బెంచీ అమ్మాయికి ఇంకో అనుమానం వచ్చింది. "ఊపు తలం తిరిగితే గుండును ఏదో బలం తోసినట్టే కదా సార్, భూమి తిరిగినట్టు ఎలా అవుతుంది?" దీనికి మాటలతో జవాబు చెబితే మళ్లీ నోటుపుస్తకంలోకే పోతుంది.

తిరగలి పైరాయి మీద గుండ్రటి అట్ట వేసి, ఒక అంచున ఫోను నిలబెట్టి కట్టాం. పైన దండెం నుంచి దారానికి తాళం చెవుల గుత్తి వేలాడదీసి, అట్ట నడిమీద ఊపాం. దండెం తిరగలిని తాకదు. ఇంకో ఫోను పక్కన బల్ల మీద. ఇప్పుడు ఒకరు తిరగలిని మెల్లగా, పిండి విసిరేటంత వేగం కూడా లేకుండా, ఎడమ వైపుకు తిప్పాలి.

బల్ల మీది ఫోనులో గుత్తి ఎక్కడ ఊగిందో అక్కడే ఊగుతోంది, కింద రాయి తిరిగిపోతోంది. రాయి మీది ఫోనులో రాయి కదలనే లేదు. అది దాని ఇల్లు కదా. గుత్తి ఊపు తలం మాత్రం కుడివైపుకు, రాయి ఎంత వేగంగా తిరిగిందో అంతే వేగంగా తిరిగింది. ఎవరూ తోయలేదు. రాయి మీద కాపురం ఉండే చీమ మాత్రం ఏదో బలం తోసిందనే ప్రమాణం చేస్తుంది. ఆ చీమ లెక్కలు కుదరడానికి రాసుకునే బలానికే మిథ్యా బలమని పేరు. కొరియాలిస్ అనే ఇంజనీరు 1835లో దీని లెక్క రాశాడు.

ఆ అమ్మాయి రెండు వీడియోలూ నాలుగుసార్లు చూసింది. "అయితే మనం ఆ చీమలమా సార్?" అంది. అవునన్నాను.

అమ్మకు తిరగలి తిరిగి ఇచ్చేటప్పుడు, ఖాళీ తిరగలి తిప్పితే రాయి రాయీ అరిగి పిండిలో ఇసుక పడుతుందని మాటలు పడ్డాను. ఆవిడ చెప్పింది నిజమే. గుప్పెడు శనగలు పోసి తిప్పవలసింది.

ఆగస్టు 10, ఆదివారం

మిల్లుకు సెలవు, గాలి లేదు. ఉదయం ఏడింటికే తాళం తీశాం. నేల మీద తెల్ల కాగితం పరచి, కోణమానినితో గీతలు గీసిన పెద్ద వలయం అతికించాం. గుండు నిశ్చలంగా ఉన్నప్పుడు మేకు మొన ఎక్కడుందో అదే కేంద్రం. ఉత్తర దక్షిణాలు దిక్సూచితో కాకుండా ముందురోజు ఉదయం, సాయంత్రం ఒకే పొడవున్న నీడలతో గుర్తుపెట్టి ఉంచాం.

మొదటి పరుగు ఉత్తర దక్షిణంగా. గంటన్నర. రావలసింది 6.5 డిగ్రీలు, వచ్చింది 8.1.

రెండో పరుగు తూర్పు పడమరలుగా. వచ్చింది 5.2.

రెండూ గడియారం దిశలోనే. ఇది ముఖ్యం. జూలైలో ఒకటి అటు, ఒకటి ఇటు పోయాయి. కానీ ఇంత తేడా ఎందుకు? మేకు మొన కేంద్రానికి ఎంత దగ్గరగా పోతోందో వంగి చూస్తే రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం. మూడు మిల్లీమీటర్లంటే గంటకు 1.7 డిగ్రీల అబద్ధం. దారం కాల్చేటప్పుడు గుండు పూర్తిగా నిశ్చలంగా లేదన్నమాట. గంటన్నర పాటు ఎవరూ దగ్గకుండా కూర్చున్న పిల్లలకు ఇది చెప్పడం కష్టమైంది.

బావ ఇవాళ మొదటిసారి వచ్చాడు. పావుగంట నిలబడి చూసి, "ఏదీ, తిరగడం లేదే" అన్నాడు. గంట తర్వాత మళ్లీ రమ్మన్నాను. వచ్చి, మొదటి సుద్ద గీతకూ ఇప్పటి ఊపుకూ మధ్య మూడు వేళ్లు పెట్టి చూసి, ఏమీ మాట్లాడకుండా చెప్పులు విప్పి బస్తా మీద కూర్చున్నాడు. ఎందుకు విప్పాడో నేను అడగలేదు.

ఆగస్టు 15, శుక్రవారం

జెండా ఎగరేశాక మిఠాయిలు పంచి పిల్లలతో వరండాలో కూర్చున్నాం. ఇరవైనాలుగు గంటల్లో భూమి ఒక చుట్టు తిరుగుతుంటే మన ఊపు తలానికి 82 గంటలకు పైగా ఎందుకు పడుతుందన్నది ఇవాళ్టి తగువు. మూడు పగళ్లు, మూడు రాత్రులు, ఇంకా పది గంటలు. ఢిల్లీలో సుమారు 50 గంటలు, పారిస్‌లో 32.

నల్గొండ జిల్లాలో ఉండి గోళం కోసం వెతకడం ఏమిటని ఒక బత్తాయి తీసుకున్నాను. తొడిమ నుంచి అడుగు దాకా చీపురుపుల్ల గుచ్చాం. పోస్టేజీ బిళ్లంత కాగితాలు మూడు కత్తిరించి, ఒకటి తొడిమ దగ్గర, ఒకటి నడుము మీద, ఒకటి నడుముకు కొంచెం పైన అతికించాం. పుల్ల పట్టుకుని పండును తిప్పితే తొడిమ దగ్గరి కాగితం గచ్చు మీద పరిచిన చాపను మూల పట్టి తిప్పినట్టు గిర్రున తిరుగుతుంది. నడుము మీది కాగితం మాత్రం మొగ్గలు వేస్తుంది. దాని మీద నిలబడ్డవాడి నడినెత్తి చుట్టూ అది ఏమాత్రం తిరగదు. ధ్రువం దగ్గర మొత్తం తిరుగుడే, భూమధ్యరేఖ దగ్గర మొత్తం మొగ్గే. మిర్యాలగూడ కాగితం ఎక్కువ మొగ్గ, కొంచెం తిరుగుడు. ఆ కొంచెం ఎంతో చెప్పేదే అక్షాంశం సైన్ విలువ, వందకు ఇరవైతొమ్మిది పాళ్లు. లోలకానికి పట్టేది తిరుగుడు ఒక్కటే.

పండు తర్వాత ఒలుచుకుని తిన్నాం. మిర్యాలగూడ తొన ఎవరికి అన్నదాని మీద ఇంకో తగువు.

ఆగస్టు 24, ఆదివారం

ఇవాళ్టి జాగ్రత్త ఒక్కటే, నిశ్చలత. గుండును దారంతో కట్టాక అరగంట ఆగాం. ఫిట్టరన్న ఒక పక్షి ఈకతో గుండు వణుకును అద్ది అద్ది ఆపాడు. ఏడు కిలోల ఇనుమును ఈకతో లాలించడం చూడవలసిన దృశ్యం. దారం కాల్చినప్పుడు ఎవరూ ఊపిరి తీయలేదు.

గుండు బయలుదేరింది. మేకు మొన కేంద్రపు చుక్క మీదుగా పోయింది. మూడు సెకన్లకు మళ్లీ చుక్క మీదుగానే. పిల్లలు వరుసలో పడుకుని, చెంప గచ్చుకు ఆనించి చూస్తున్నారు. గంట గడిచేసరికి ఊపు యాభై సెంటీమీటర్ల నుంచి ముప్పైకి తగ్గింది. మొన చుక్కకు ఒక మిల్లీమీటరు లోపే ఎడంగా ఉంది. సుద్ద గీత మీద పడుతున్న నీడ గీతను వదిలి పక్కకు వచ్చేసింది.

మూడు పరుగులు చేశాం, గంటన్నర చొప్పున. ఉత్తర దక్షిణంగా 7.2 డిగ్రీలు. తూర్పు పడమరలుగా 6.1. ఈశాన్యం నుంచి నైరుతికి 7.0. సగటున గంటకు 4.51. రావలసింది 4.36.

అమ్మాయి దీన్ని తిరగేసి లెక్క వేసింది. 4.51ని 15.04తో భాగించి, సైన్ పట్టికలో వెతికి, 17.45 డిగ్రీలు అని ప్రకటించింది. పటం తీసి చూస్తే ఆ అక్షాంశం మీద సికింద్రాబాద్ ఉంది. కిటికీ బయటికి చూడకుండా, నక్షత్రాన్ని చూడకుండా, తలుపులు మూసిన మిల్లులో కూర్చుని మనం ఎక్కడున్నామో అడిగితే గుండు సికింద్రాబాద్ అంది. అరవై నాలుగు కిలోమీటర్ల తప్పు. "టికెట్టు లేకుండా తీసుకెళ్లాడు మా బావ" అన్నాడు బావ.

నేను మాత్రం ఆ తప్పుకు బాధపడడం లేదు. ఒక షాట్‌పుట్ గుండు, ఒక డ్రిల్లు చక్, నూలు దారం. తప్పుకు కారణం కూడా తెలుసు, ఇంకా మిగిలిన ఆ ఒక్క మిల్లీమీటరే. తీగ చుట్టూ పైన ఇత్తడి వలయం ఒకటి పెడితే, ప్రతి ఊపు చివరా తీగ దాన్ని తాకి గుడ్డు ఆకారం అణిగిపోతుంది. చారన్ వలయం అంటారు. ఫిట్టరన్న పాత బుష్ ఒకటి తీసి లేత్ పక్కన పెట్టాడు. సమానంగా ఒరుసుకోకపోతే ఉన్నది కూడా చెడుతుందని ఆయన భయం, అది సమంజసమే.

వెళ్లేటప్పుడు ఆ అమ్మాయిని అడిగాను, మీ నానమ్మకు ఏం చెబుతావని. "నానమ్మను ఇక్కడికే తీసుకొస్తాను సార్, గంటన్నర కూర్చోబెడతాను" అంది. నానమ్మకు మోకాళ్ల నొప్పులట. కుర్చీ వేస్తామని చెప్పాను.

ఆగస్టు 30, శనివారం

వ్యాయామం సారు గుండు అడిగారు. మండల క్రీడలకు సామాను లెక్క చూపాలట. తీగ విప్పి, కొక్కెం, మేకు ఊడదీసి, రంధ్రాలు రెండూ మైనంతో పూడ్చి ఇచ్చాను. ఆయన మైనం గోటితో గీరి, నా మొహం చూశారు. బజారులో బంగారం తూచే కాంటా మీద పెట్టించారు. ఇరవై గ్రాములు తక్కువ. 7.26కు తగ్గితే పోటీలో చెల్లదు.

"ఇక ఇది మీదే సార్" అన్నారు. "కొత్తది కొనిపెట్టండి."

గుండు మళ్లీ మిల్లుకు వచ్చింది. వలయం రేపు లేత్ మీదికి ఎక్కుతుంది. వడ్లు రావడానికి ఇంకా నెల పైనే ఉంది.